మిడ్ సెంచరీ మోడ్రన్ చెక్కపని కోనసీమ చెమ్మకు నిలుస్తుందా?

పాలకొల్లు దగ్గర మీ నాన్నగారు కట్టిన పాత స్లాబు ఇంటిని మిడ్ సెంచరీ మోడ్రన్ (గత శతాబ్దం మధ్యనాటి ఆధునిక శైలి) పద్ధతిలో, టేకు రంగు నిండుగా కనబడేలా మార్చాలనుకుంటున్నామని రాశారు. మన చెమ్మకు ఆ చెక్కపని నిలుస్తుందా, తయారుగా దొరికే సెట్టు కొనుక్కోవడం మేలా, ఎనామిల్ రంగు వేసిన పాత తలుపులనూ ఉయ్యాల బల్లనూ ఏం చేయాలి అని అడిగారు. అమలాపురానికి దగ్గరలో మా తాతగారు 1966లో కట్టిన ఇంటికి నేను ఇదే పనిని రెండుసార్లు చేయించాను. మొదటిసారి చేయించినది రెండో వానాకాలాన్ని దాటలేదు కాబట్టి, మీకు ఎక్కువగా పనికివచ్చేది దాని సంగతే.

మొదటిసారి ఒక ఇంటీరియర్ సంస్థకు పని అప్పగించాను. వారు హాలులో పడమటి గోడ పొడవునా, నేల నుంచి కప్పు దాకా, అక్రోటు కర్ర రంగు లామినేట్ అంటించిన ప్లైవుడ్ పలకలు బిగించి, దాని ముందే నేలకు ఆనించి టీవీ యూనిట్ కట్టారు. పూర్తయిన రోజున చూస్తే అచ్చం పత్రికలో బొమ్మలాగే ఉంది. రెండో శ్రావణం వచ్చేసరికి పలకల కింది అంచులు ఉబ్బాయి, వేలితో తడితే కొన్నిచోట్ల డొల్ల చప్పుడు వచ్చింది, తలుపు వేసి ఉంచిన రోజున హాలంతా ముక్కిపోయిన వాసన. ఊడదీయించి చూస్తే వెనక గోడ సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలిపోయి, ప్లైవుడ్ వీపంతా నల్లగా బూజు పట్టి, మూలలో చెదలు మట్టి గూళ్ళు కట్టుకొని ఉన్నాయి.

నేను ఆ సంస్థవారిని మాత్రమే తప్పుపట్టను, ఎందుకంటే బొమ్మ చూసి సరేనన్నది నేనే. డెల్టాలో వానాకాలంలో చాలా ఊళ్ళలో నాలుగైదు అడుగులు తవ్వితే నీరు వస్తుంది. పాత ఇళ్ళ పునాది మీద చెమ్మను ఆపే పొర ఉండదు గనుక గోడ అడుగు నుంచి ఆ నీటిని పీల్చుకుంటుంది, పీల్చుకున్నదాన్ని తన పైముఖం గుండా గాలికి వదులుతుంది. ఆ ముఖాన్ని పలకలతో మూసేస్తే చెమ్మకు దారి లేక చెక్కలోకే వస్తుంది. ఏసీ ఉన్న గదిలో పరిస్థితి ఇంకా క్లిష్టమవుతుంది, ఎందుకంటే ముందువైపు పొడిగానూ వెనకవైపు తడిగానూ ఉన్న చెక్క మెలితిరుగుతుంది. కాబట్టి గోడకు అంటించే చెక్కపలకలు, నేలకు ఆనించే అరలు అనే రెండింటినీ మీ ఆలోచనలో నుంచి మొదటే తీసివేయండి.

ఇలా అన్నానని శైలినే వదులుకోమని నేను చెప్పడం లేదు. ఆ శైలికి అసలు గుర్తు గోడ మీద పలకలు కావు, నేల మీద ఆనకుండా కాళ్ళ మీద నిలిచే సామాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పటి నుంచి 1960ల చివరిదాకా అమెరికాలో, డెన్మార్కులో వచ్చిన ఈ ధోరణికి మిడ్ సెంచరీ మోడ్రన్ అనే పేరు 1980లలో స్థిరపడింది. డెన్మార్కు వడ్రంగులు అప్పట్లో ఎక్కువగా వాడింది ఆసియా నుంచి వెళ్ళిన టేకునే. మన దేశంలోనే చండీగఢ్ కట్టినప్పుడు స్విస్ వాస్తుశిల్పి పియర్ జన్నరె అక్కడి కార్యాలయాల కోసం టేకు, శీశం కర్రలతో, కేన్ అల్లికతో కుర్చీలు చేయించాడు. ఇంగ్లీషు ‘వి’ అక్షరాన్ని తిరగేసినట్టుండే కాళ్ళున్న ఆ కుర్చీలు తుక్కు కింద పోయి, తర్వాత విదేశీ వేలాల్లో పెద్ద ధరలకు అమ్ముడయ్యాయి. మా తాతగారి రేడియో బల్లకు ఏటవాలుగా కిందికి సన్నబడే నాలుగు కాళ్ళున్నాయి. దాన్ని చేసిన మా ఊరి వడ్రంగికి డెన్మార్కు ఎక్కడుందో తెలిసి ఉండదు గానీ, ఆ కాలపు గాలి ఆయన దాకా వచ్చిందనే నేను అనుకుంటాను.

కాళ్ళు పొడవుగా ఉంటే సామాను కింద గాలి ఆడుతుంది, చీపురూ తడిగుడ్డా లోపలి దాకా వెళతాయి, చెద ఎక్కితే మొదటి రోజునే కంటపడుతుంది. మన పెద్దలు మంచం కోళ్ళను ఎత్తుగా పెట్టుకొని, చీమలు ఎక్కకుండా వాటి కింద నీళ్ళ గిన్నెలు ఉంచింది ఇలాంటి అవసరం కొద్దీ కాదా? రెండోసారి పని మొదలుపెట్టినప్పుడు మా వడ్రంగి ఆచారిగారితో నేను పెట్టుకున్న షరతులు రెండే: ఏ వస్తువూ నేలకు 7 అంగుళాలకు తక్కువ ఎత్తులో ఉండకూడదు, ఏ వస్తువు వీపూ గోడకు 2 అంగుళాలకన్నా దగ్గర కాకూడదు. ఆయన దీనికి మూడోది తనే కలిపారు. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో కాళ్ళ అడుగు భాగమే ముందు కుళ్ళుతుందనీ, కర్రను అడ్డంగా కోసిన ముఖం నీటిని దూదిలా పీలుస్తుందనీ చెప్పి, ప్రతి కాలికీ చేతికర్రకు వేసినట్టుగా ఇత్తడి పొన్ను తొడిగారు. ఆ కాలపు విదేశీ సామానుకు కూడా ఇలాంటి ఇత్తడి పొన్నులుంటాయని నాకు తర్వాత తెలిసింది.

కర్ర విషయానికి వస్తే, డిపోకి వెళ్ళేముందు మీ ఇంటి అటకనూ పెరటి పాకనూ చూడండి. మా పాత మండువా భాగాన్ని విప్పినప్పుడు దింపిన టేకు దూలాలు ఇరవయ్యేళ్ళుగా కొబ్బరి మట్టల కింద పడి ఉన్నాయి. మా బంధువులందరూ అది బర్మా టేకు అంటారు. కోనసీమలో ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మాలు బర్మా టేకువే అంటారు గనుక ఆ మాటను నేను పూర్తిగా నమ్మను, భద్రాచలం వైపు అడవుల నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రికి దించిన కర్ర కూడా అయి ఉండవచ్చు. ఏదైనా సరే, పైన నల్లగా ఉన్న ఆ దూలాన్ని కోస్తే లోపల చేవ తేనె రంగులో ఉంది. తేమ కొలిచే మీటరు పెడితే దూలం 14 శాతం చూపింది, అదే రోజున డిపోలో చూసిన కొత్త టేకు 24 చూపింది. అలాంటి తడి కర్రతో వెంటనే బల్ల చేయిస్తే, ఎండాకాలం వచ్చేసరికి పలకల మధ్య నాణెం పట్టేంత సందులు వస్తాయి. కొత్త కర్రే కొనవలసివస్తే అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడలో, మధ్యన బద్దలు పెట్టి పేర్చి ఆరబెట్టడం పాత లెక్క. అంత ఓపిక లేనివారు యంత్రంలో ఆరబెట్టిన కర్ర ఇవ్వమని అడిగి, అప్పుడు కూడా మీటరు పెట్టి చూసుకోవాలి.

పాత దూలాన్ని సామిల్లుకు పంపేముందు అయస్కాంతంతో అంగుళం అంగుళం వెతికి మేకులు పీకించండి. ఒక్క విరిగిన మేకు రంపపు బ్లేడును పాడుచేస్తుంది, ఆ తర్వాత సామిల్లువారు మీ కర్రను ముట్టుకోరు. మేము ఒక దూలం నుంచే 40కి పైగా మేకులు తీశాం, అయినా ఒకటి మిగిలిపోయి బ్లేడు డబ్బు కట్టవలసివచ్చింది.

మరో సంగతి మీ వడ్రంగికి ముందే చెప్పాలి. కర్ర పొడవులో కదలదు, అడ్డంలో వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. మిగతా కర్రలకన్నా టేకులో ఆ కదలిక తక్కువే అయినా బొత్తిగా లేకపోలేదు. బల్ల పైపలకను కింది చట్రానికి జిగురుతో అంటించకుండా, స్క్రూ రంధ్రాలను కోలగా తవ్వించి కదిలే వీలు ఉంచాలి. టేకులో సహజమైన నూనె ఉంటుంది గనుక అతుకులకు జిగురు రాసేముందు థిన్నర్ గుడ్డతో తుడిస్తేనే పట్టు నిలుస్తుంది.

మీ పాత తలుపులను మాత్రం మార్చకండి. మా ఇంటి తలుపుల మీద ఆకుపచ్చ, నీలం, మళ్ళీ ఆకుపచ్చగా ఎనామిల్ పొరలుండేవి. వాటిని తీయడంలో జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదనే నిబంధన మన దేశంలో అమలులోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉందనే అనుకోవడం మంచిది. పొడిగా ఇసుక కాగితంతోనో యంత్రంతోనో రుద్దితే ఆ దుమ్ము ఇంటినిండా పరుచుకుంటుంది, పసిపిల్లలున్న ఇంట్లో అది మరీ ప్రమాదం. రెక్కలు ఊడదీసి పెరట్లో పరదా పరిచి, రంగు ఊడదీసే ద్రావకం పూసి తడిగానే గీకించాం. పని చేసినవారికి మాస్కులు ఇచ్చాం, గీకిన పొట్టును చెట్ల మొదట్లో పోయకుండా మూటగట్టి తీసివేశాం. ఒక్కొక్క తలుపుకు రెండు రోజులు పట్టింది. మొత్తం పునరుద్ధరణలో నాకు అత్యంత తృప్తినిచ్చిన ఖర్చు అదే, కొత్త సామాను ఏదీ ఆ తలుపుల రంగుకు సాటి రాలేదు.

పాలిష్ గురించి నా అభిప్రాయంతో కొందరు ఏకీభవించరు. మెరిసే పీయూ (పాలీయూరిథేన్) పాలిష్ ఈ శైలికి నప్పదు. దానిలోనే మెరుపు లేని రకాన్ని పలచగా, నీళ్ళు పడే భోజనాల బల్లకు మాత్రం వాడాను. లక్క పాలిష్ రంగుకు అందమే గానీ వేడి గ్లాసు పెడితే తెల్లని వలయం పడుతుంది, ముసురు రోజుల్లో వేస్తే పొగ పట్టినట్టు తెల్లబారుతుంది. తలుపులకూ కుర్చీలకూ మరిగించిన రకం అవిసె నూనెను పలచగా మూడు పూతలు వేసి, ప్రతిసారీ మిగిలినదాన్ని పూర్తిగా తుడిపించాను. మిగిల్చితే జిడ్డుగా ఉండిపోయి వానల్లో దాని మీదే బూజు పడుతుంది. ఆ నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయనివ్వకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. తీగ మీద విడివిడిగా ఆరవేయించాలి, లేదా నీళ్ళలో ముంచి ఉంచాలి. ఏ పాలిష్ పనైనా సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఏప్రిల్‌లోగా ముగించుకోవడం మేలు.

సెట్టు కొనాలా అన్న ప్రశ్నకు నా జవాబు, మొత్తం సెట్టు వద్దు. సోఫా, పక్కబల్ల, టీవీ బల్ల, కుర్చీలు అన్నీ ఒకే రంగులో దిగితే ఇల్లు షోరూములా కనిపిస్తుంది. ఒక కర్రకు పెద్దపీట వేసి, మిగతావి దానికి చుట్టాల్లా ఉంటే చాలు. మా హాలులో తేనె రంగు టేకుదే పెత్తనం. దాని పక్కన అమ్మమ్మగారి జిట్రేగి కర్ర బీరువా ఒక్కటే చింతపండు రంగులో ఉంటుంది, నులక అల్లిన ఒక కుర్చీ బెల్లం రంగులో ఉంటుంది. కొనేవాటిలో వెనీరు (పైన అంటించే పలచని కర్ర పొర) ఉందని మాత్రం తీసిపారేయకండి, ఆనాటి డెన్మార్కు అరలబల్లల్లోనూ చాలావాటికి పైపొర టేకు వెనీరే. లోపలి ప్లైవుడ్ ఐఎస్ 710 (నీటిని తట్టుకునే మెరైన్) రకమా, అంచులన్నీ, ముఖ్యంగా కింది అంచు, మూసి ఉన్నాయా అన్నది చూడండి. చెక్క పొట్టును అదిమి చేసే పార్టికల్ బోర్డు మన ఊళ్ళకు పనికిరాదు. కేన్ అల్లిక కుర్చీలు నిశ్చింతగా తీసుకోండి. వాడకంలో సాగితే అడుగు వైపు నుంచి నీళ్ళు చల్లి గాలికి ఆరనిస్తే మళ్ళీ బిగుస్తుంది. వంటింటికి నేను చెక్క శైలిని తేలేదు, రాతి అరలకు టేకు తలుపులు పెట్టించి ఊరుకున్నాను.

మీ ఇంట్లో మొజాయిక్ నేల ఉంటే టైల్స్ వేయకండి, రాయితో పాలిష్ పట్టిస్తే చాలు, అది ఆ కాలానిదే. గోడలకు నీలిమందు ఛాయ ఉన్న తెలుపు వేస్తే టేకు మాసినట్టు కనిపిస్తుంది, మీగడ ఛాయ తెలుపు వేయండి. దీపాలు కూడా అంతే ముఖ్యం. మన ఇళ్ళలో వేసే 6500 కెల్విన్ తెల్ల ట్యూబులను తీసి 2700 లేదా 3000 కెల్విన్ పసుపు వెలుగు బల్బులు పెట్టిన రాత్రి, కొత్త పాలిష్ ఎప్పుడు వేయించారని మా పిన్ని అడిగారు. దిండు గలేబులకు ఆవపిండి రంగు, ముదురు ఆకుపచ్చ రంగు ముతక చేనేత గుడ్డ చాలు, బండారులంక మాకు దగ్గరే గనుక అక్కడి నుంచి తెచ్చుకున్నాం. చెదల మందు వేయించేటప్పుడు మీ నుయ్యి లేదా బోరు ఎక్కడుందో పనివారికి ముందే చూపించండి, ఇంత పైన నీరున్న నేలలో ఆ మందు అందులోకి దిగే అవకాశముంది.

ఇక ఉయ్యాల బల్ల. దాన్ని తప్పక హాలులోనే వేలాడదీయండి, ఎందుకంటే గాలిలో తేలే ఒకే పలక కన్నా ఈ శైలికి దగ్గరి వస్తువు మన ఇళ్ళలో మరొకటి లేదు. చిత్రిక పట్టించకండి, కూర్చొని కూర్చొని అరిగిన నునుపు పోతుంది. కుంకుడుకాయ రసంతో కడిగి, వారం రోజులు నీడలో ఆరనిచ్చి, నూనె రాస్తే చాలు. అసలు చూసుకోవలసింది స్లాబులోని కొక్కేలను. సముద్రపు గాలికి మా ఇంటి కొక్కేలు పైకి బాగానే కనిపించినా స్లాబులో దిగిన చోట సగానికి సగం తుప్పు తిన్నాయి. ఇంజనీరుకు చూపించి, స్లాబు మీదుగా ఇనుప పట్టీ వేయించి కొత్తవి బిగించాం. నేలకు 17 అంగుళాల ఎత్తున, సోఫా ఎత్తుకు సమంగా వేలాడదీసి, ముందూ వెనకా మూడేసి అడుగుల చోటు వదిలాం.