మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంటే

అమ్మ పోయి ఎనిమిది నెలలైందనీ, ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే "అమ్మ ఇక లేదు" అన్న వాక్యం దగ్గరే కలం ఆగిపోతోందనీ రాశారు. ఆ వాక్యాన్ని వదిలేయండి. అసలు రాయకపోయినా నష్టం లేదు.

మా నాన్న పోయినప్పుడు నేను ఆయన గొడుగుతో మొదలుపెట్టాను. ఊచ విరిగితే దారంతో కట్టి నాలుగేళ్లు వాడారు. నేను కొన్న కొత్త గొడుగు మాత్రం బీరువాలోనే ఉండిపోయింది. ఆ పిసినారితనం మీద కోపంతో రెండు పేజీలు రాశాక ఏడుపు దానంతటదే వచ్చింది. మీరు పోపుల డబ్బాతోనో కళ్లజోడుతోనో మొదలుపెట్టండి. ఆవిడతో పడ్డ పోట్లాటలు కూడా రాయండి. పొగడ్తలే రాస్తే సంతాపసభ ఉపన్యాసంలా తయారవుతుంది (నా మొదటి ప్రయత్నం అలాగే చెడింది).

మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు తమను బాధపెట్టిన అనుభవాల గురించి వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. మీకూ అంత చాలు. అక్షరదోషాలు చూసుకోకండి. అయితే ఇలా రాయడం అందరికీ ఒకేలా పనిచేయదు. రాసిన వెంటనే మనసు బరువెక్కడం మామూలే కానీ, రోజుల తరబడి నిద్ర పట్టకపోతే ఆపేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఉచితం.

రాసినది ఇప్పుడే ఎవరికీ చూపించకండి, మీ అన్నయ్యకు కూడా.