కొత్త విండోస్ కోసం ఆగాలా? మేం ఆగాం, ఏం పోయిందో చెబుతాను

"కొత్త విండోస్ వస్తుందంటున్నారు. మా అబ్బాయి ఈ ఏడాది బీటెక్‌లో చేరుతున్నాడు. ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనాలా, అది వచ్చేదాకా ఆగాలా?" అని మన వైజాగ్ నుంచే ఒకరు అడిగారు.

ఆగకండి. క్లాసులు మొదలయ్యేలోపు కొనేయండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, 2021లో మేం సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకుని మూడు నెలలకు పైగా ఆగాం.

మాదీ వైజాగే, పెదవాల్తేరు. ఆ ఏడాది మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. కరోనా వల్ల చాలావరకు క్లాసులు ఫోన్‌లోనే గడిచాయి. జూన్ 24 సాయంత్రం ఇంటర్ పరీక్షలు రద్దయ్యాయని టీవీలో చెప్పారు. అదే రోజు రాత్రి మైక్రోసాఫ్ట్ విండోస్ 11 ప్రకటించింది. మాకు మొదటి వార్తే పెద్దది. ఇక పిల్లకి మిగిలింది ఎంసెట్ ఒక్కటే. పేరు ఈఏపీసెట్ అని మార్చినా మా ఇంట్లో ఇప్పటికీ ఎంసెట్ అనే అంటాం. అది కంప్యూటర్ మీద రాసే పరీక్ష కదా, ప్రాక్టీసుకి ఇంట్లో ఒక మెషిన్ ఉండాలని నేనూ మా ఆవిడా అనుకుని, ద్వారకానగర్‌లో ఒక షాపులో మాట్లాడి పెట్టాం. ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ (కంప్యూటర్‌కి మెదడు లాంటిది), అందులో పదకొండో జనరేషన్, అంటే పదకొండో తరం, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 54 వేలు. శనివారం వెళ్లి తెచ్చుకోవడమే తరువాయి.

శుక్రవారం రాత్రి బెంగళూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, వాడి మాటంటే మా ఇంట్లో అందరికీ గురి. "ఇప్పుడు కొనకు మావయ్యా, పాత విండోస్ ఉన్నది అంటగట్టేస్తారు. దసరా, దీపావళి నాటికి కొత్తది వేసే వస్తాయి. పాతవాటి రేట్లు కూడా పడిపోతాయి, అప్పుడు చూసుకుందాం" అన్నాడు. నాకు సబబుగానే తోచింది. 54 వేలు మాకు చిన్న మొత్తం కాదు. మా ఆవిడ మాత్రం "పరీక్ష ఆగస్టులో అయితే దీపావళికి కొనడం ఏమిటండీ?" అంది. ఆ ఒక్క మాట విని ఉండాల్సింది.

మా అమ్మాయి జులై అంతా, ఆగస్టు సగం వరకు మాక్ టెస్టులన్నీ ఫోన్‌లోనే రాసింది. ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంటే ప్రశ్నకి నిమిషం మీద కొన్ని సెకన్లే. ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దది చేసి చదవడం, వేలితో పైకి తోయడం, బొటనవేలితో ఆప్షన్ నొక్కడం దాని చేతికి అలవాటైపోయాయి.

పరీక్ష రోజు నేనే బండి మీద సెంటర్‌కి తీసుకెళ్లాను. గేటు బయట చెట్టు కింద మూడు గంటలు నిలబడ్డాను. బయటకొచ్చినప్పుడు పేపర్ కష్టంగా ఉందని అంటుందేమో అనుకున్నాను. అది అన్న మాట వేరు. "నాన్నా, ప్రశ్న ఇంగ్లిషులోనూ తెలుగులోనూ ఒకే స్క్రీన్ మీద ఉంది. జతపరచండి ప్రశ్నలొస్తే ఆప్షన్లు కిందకి పోతున్నాయి. మౌస్‌తో లాగి, చూసి, మళ్లీ పైకి వెళ్లి చదివి... నా చెయ్యి వెళ్లడం లేదు నాన్నా. పక్కమ్మాయి టకటకా నొక్కేస్తోంది. మొదటి అరగంట టెన్షన్‌తోనే పోయింది" అంది. కెమిస్ట్రీలో చివరి పదకొండు ప్రశ్నలు చదవకుండానే ఏదో ఒకటి నొక్కి వచ్చిందట. కెమిస్ట్రీ దానికి బాగా వచ్చిన సబ్జెక్టు.

ర్యాంకు వచ్చాక అది కోరుకున్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ దొరకలేదు. ఇంకో కాలేజీలో ఈసీఈ తీసుకుంది, బాగానే చదివింది. అయినా ఆ పదకొండు ప్రశ్నలు నేను మర్చిపోలేదు. మౌస్ పట్టని పిల్లలకి ఇలాంటి పరీక్షలో కనీసం పది మార్కులు పోతాయని నా గట్టి నమ్మకం. అరకు, పాడేరు వైపు నుంచి వచ్చి రాసే పిల్లలని తలుచుకుంటే ఇంకా బాధ వేస్తుంది. పరీక్షని కంప్యూటర్ మీదకి మార్చినవాళ్లు ప్రతి జూనియర్ కాలేజీలోనూ నెల రోజుల ముందు నుంచి ల్యాబ్ తెరిచి ఉంచి, పిల్లల చేత మౌస్ పట్టించాలి. వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ పెడితే సరిపోదు, అది చూడటానికి కూడా కంప్యూటర్ కావాలి కదా.

సరే, ల్యాప్‌టాప్ సంగతికి వస్తాను. విండోస్ 11 అక్టోబర్ 5న వచ్చింది. దసరా ముందు మళ్లీ అదే షాపుకి వెళ్లాం. అదే మోడల్, లోపల అదే విండోస్ 10, రేటు మాత్రం 57,500. చిప్‌ల కొరతతో సరుకు రావడం లేదన్నారు. ఆ ఏడాది ప్రపంచమంతా చిప్‌ల కొరత ఉన్నమాట నిజమే. "మరి కొత్త విండోస్?" అంటే, "ఇంటికెళ్లి నెట్ పెట్టుకోండి సార్, ఫ్రీగా అదే వచ్చేస్తుంది" అన్నాడు. వచ్చింది కూడా. తగిన విండోస్ 10 మెషిన్లకి 11 ఉచితంగా ఇస్తామని మైక్రోసాఫ్ట్ జూన్ 24నే చెప్పింది. నేనూ చదవలేదు, మేనల్లుడూ చదవలేదు. ఆ శనివారం కొనుంటే మూడున్నర వేలు మిగిలేవి, పిల్లకి రెండు నెలల ప్రాక్టీసు దొరికేది.

అందుకే తేదీ చూడకండి, ప్రాసెసర్ చూడండి. అసలు దెబ్బ అక్కడే తగులుతుంది. మా ఆఫీసులో ఒకాయన అదే రోజుల్లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నారు. "ఐ7 సార్, ఐ5 కన్నా పెద్దది" అని చెప్పి అమ్మారు. అది ఐ7-7500యూ. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే అర్హత, ఇది ఏడోది. పైగా దీనికి రెండే కోర్‌లు, అంటే లోపల పని చేసే భాగాలు. ఎనిమిదో జనరేషన్ ఐ5-8250యూకి నాలుగు కోర్‌లు. పేరులో ఐ7 ఉందని మురిసిపోయారు పాపం. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, ఆగిపోయాక, మెషిన్ నడుస్తున్నా బ్యాంకు పని దానిలో చేయడానికి భయపడుతున్నారు.

ఇది ఈ మధ్య మొదలైన సంగతి కూడా కాదు. 2007లో విండోస్ విస్టా రాకముందు కంప్యూటర్ల మీద 'విస్టా క్యాపబుల్', అంటే విస్టాకి పనికొస్తుందని స్టిక్కర్ ఉండేది. 512 ఎంబీ ర్యామ్ ఉన్నవాటికీ అదే స్టిక్కర్. మా పాత ఆఫీసులో అలాంటివి ఆరు కొన్నారు. విస్టా వేసిన వారానికే అన్నిటినీ తిరిగి అంతకుముందున్న విండోస్ ఎక్స్‌పీకి మార్చుకున్నాం. ఇప్పుడు కూడా విండోస్ 11కి 4 జీబీ ర్యామ్ చాలని కాగితం మీద ఉంటుంది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే తెలుస్తుంది అదెంత చాలో. బీటెక్ పిల్లాడికి 16 జీబీ తీసుకోండి. బడ్జెట్ సరిపోకపోతే 8తో కొని, ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉందో లేదో అడగండి. కొన్ని పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికేసి ఉంటుంది.

మీరూ వైజాగే అన్నారు కాబట్టి ఇంకో మాట. బీచ్‌కి దగ్గరలో ఉంటే ల్యాప్‌టాప్‌ని కిటికీ పక్క పెట్టొద్దు. మా ఇంట్లో ఉప్పు గాలికి పాత డెస్క్‌టాప్ స్క్రూలు తుప్పుపట్టి విప్పడానికి కూడా రాలేదు, ర్యామ్ తీసి తుడిచి పెడితేగాని ఆన్ అయ్యేది కాదు. పని అయ్యాక బ్యాగులో పెట్టి జిప్ వేయమనండి.

కొత్త విండోస్ వచ్చాక కూడా మొదటి రోజే వేయనివ్వకండి. 11 వచ్చిన కొత్తలో ఏఎండీ అనే కంపెనీ రైజెన్ ప్రాసెసర్లు నెమ్మదించాయి, ఆ నెలలోనే సరిచేశారు. మేం ఇప్పుడు ఏ పెద్ద అప్‌డేట్ వచ్చినా ఒక సెమిస్టర్ అయ్యేదాకా ముట్టుకోం.

మా అబ్బాయి ఇంటర్‌లో చేరినప్పుడు, ఫస్టియర్ పుస్తకాలతో పాటే మౌస్ కూడా కొన్నాం. వాళ్లక్కే తన ల్యాప్‌టాప్ మీద ఆదివారాలు కూర్చోబెట్టి మాక్ టెస్టులు రాయించింది. మీరు షాపుకి వెళ్లినప్పుడు 'ఐ5 ల్యాప్‌టాప్' అని రాసి ఊరుకుంటే ఒప్పుకోకండి, ప్రాసెసర్ పూర్తి నంబరు బిల్లు మీద రాయించుకోండి. కొనేముందు ఆ నంబరు ఇక్కడ పెడితే చూసి చెబుతాను.