లా నూ కథ రాస్తున్న మాధవికి

చిరంజీవి మాధవికి,

ఆశీస్సులు. నవల మొదటి భాగం అందింది. పదహారో శతాబ్దంలో కాథలిక్కులకూ హ్యూగనోలకూ, అంటే ఫ్రెంచి ప్రొటెస్టెంట్లకూ, జరిగిన ఫ్రాన్స్ మతయుద్ధాల్లో అందరూ హ్యూగనోల నాయకుడు కొలిన్యీ దగ్గరికి వెళ్తారు, నువ్వు ఆ పక్షపు సేనాని ఫ్రాన్స్వా ద లా నూను పట్టుకున్నావు. నాకెంతో ఇష్టమైన మనిషి. అందుకే నిక్కచ్చిగా రాస్తున్నాను.

కథను ఇనుప చేతితో ఎత్తుకున్నావు. 1570లో ఫోంతెనే ముట్టడిలో ఎడమచెయ్యి పోవడం, గుర్రం కళ్లెం పట్టుకోవడానికి ఇనుపచెయ్యి అమర్చడం నిజమే. కానీ పేజీలన్నీ ఆ చెయ్యే తినేసింది, మనిషి కనబడలేదు.

ఎనిమిదేళ్లు వెనక్కి వెళ్లు. 1562 డిసెంబరు 19, ద్రూ యుద్ధం. సేనలు ఎదురెదురుగా కదలకుండా నిలబడ్డ ఆ కాసేపటి గురించి లా నూ స్వయంగా రాశాడు. ఎదుట ఉన్నది పరాయివాళ్లు కాదు, ఫ్రెంచివాళ్లే, వాళ్లలో తమ స్నేహితులూ చుట్టాలూ ఉన్నారు, ఇంకాసేపట్లో వాళ్లనే చంపాలి అని ప్రతివాడూ లోలోపల తలపోశాడట. ఆ ఏడాదే రాజమాత కాథరీన్, హ్యూగనో నాయకుడు కొందే సంధి మాటలకు కలిసినప్పుడు, ఎడంగా నిలిపిన ఇరుపక్షాల రౌతులూ తమవాళ్లను గుర్తుపట్టి, వెళ్లి కావలించుకున్న సంగతీ రాశాడు. స్పెయిన్ వాళ్ల చెరలో అయిదేళ్లు మగ్గుతూ రాసిన మాటలివి. నీ నవలలో కాథలిక్కులకు ముఖాలే లేవు. ఒక్కడికైనా పేరు పెట్టు, లా నూకు బంధువును చెయ్యి.

ఇంకోటి. 1572 ఆగస్టు 24న, హ్యూగనోలను చంపిన సెయింట్ బర్తలోమ్యు ఊచకోత వేళ, ఆయన్ని పారిస్ వీధుల్లో నిలబెట్టావు. ఆయన అప్పుడు నేటి బెల్జియంలోని మోన్స్‌లో, ముట్టడిలో ఉన్నాడమ్మా. ఆ అధ్యాయం తీసెయ్యి. ఆ చోటు లా రోషెల్‌కు ఇవ్వు, నువ్వు రెండు పేరాల్లో దాటేసిన ఆ హ్యూగనోల ఊరికి. లా నూ పక్షంవాళ్లను చంపించిన రాజు తొమ్మిదో షార్లే, లొంగిపొమ్మని ఆ ఊరికి చెప్పడానికి ఆయన్ని అక్కడికి పంపాడు. ఊరివాళ్లు అనుమానించారు. ఇంగ్లండు వెళ్లిపో, లేదా మామూలు మనిషిగా ఇక్కడే ఉండు, లేదా మా సేనాపతివి కా అన్నారు. సేనాపతి అయ్యాడు, రాజుకు తెలిసే! కోటను కాపాడుతూనే సంధి చేసుకొమ్మని ఊరివాళ్లను పోరుపెట్టాడు. ఒక పాస్టరు చెంప మీద కొడితే తిరిగి చెయ్యెత్తలేదు. చివరికి 1573 మార్చిలో ఊరు విడిచి వెళ్లాడు.

ఆయన ఎవరి పక్షమో నువ్వు తీర్పు చెప్పకు. నా మట్టుకు ఆయన రాజుకూ ఊరివాళ్లకూ మనస్ఫూర్తిగానే మాటిచ్చాడు. పాస్టరు కొట్టిన ఆ రోజు ఒక్కటే ముందు రాసి పంపు. మిగతా నవల సంగతి తర్వాత చూద్దాం.

ప్రేమతో,
మీ మాస్టారు