‘కెరటం’ అక్షరాలు ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న: బీచ్ రోడ్డులో పెట్టబోయే కాఫీ షాపుకు ‘కెరటం’ అని పేరు అనుకున్నాం. మూడు ఫాంట్లలో నచ్చిన అక్షరాలు ఏరి, ట కింద అల ఆకారం గీసి లోగో చేశాను. విడిగా చూస్తే ప్రతి అక్షరమూ బాగానే ఉంది. పేరుగా చదివితే మాత్రం దేని దారి దానిదే. ఎక్కడ సరిచేయాలి?
– ఎంవీపీ కాలనీ పాఠకురాలు

జవాబు: మూడు ఫాంట్లంటే మూడు కలాలు. ఒకే కలంతో రాసినట్టు కనిపించనంత వరకు ఎంత జరిపినా అవి కలవవు. ఒక ఫాంటును ఆధారంగా ఉంచుకుని మిగతావి తిరిగి గీయండి. పెద్దదాన్ని కుదించి పక్కదానికి సరిపెట్టొద్దు, దాంతోపాటు గీత కూడా సన్నబడుతుంది.

రంగు, నీడ తీసేసి తెల్ల కాగితం మీద నలుపులో ప్రింటు తీయండి. తలకట్టు కాకుండా ర ఎత్తు 100 పాళ్లు, గీత మందం 16 పాళ్లు అనుకుందాం. అన్నిటికీ అదే మందంతో మొదలుపెట్టండి, కానీ కొలత సమమైతే కంటికీ సమమవుతుందని నమ్మొద్దు. క నడుము దగ్గర గీతలు కలిసేచోట నలుపు ముద్దకడుతుంది, అక్కడ 14కి తగ్గించండి. సున్నను కాస్త చిన్నగా గీస్తే లోపలి తెలుపు తగ్గి బరువెక్కుతుంది, దానికి 15 చాలు. ర అడుగు వంపు ఒకటి చక్కగా గీసుకుని ట అడుగుకీ సున్నకీ అదే వాడండి. సగం పొందిక అక్కడే వచ్చేస్తుంది.

అసలు చిక్కు పైభాగంలో ఉంది. మీ పేరులో ర ఒక్కదానికే తలకట్టు. కెలో దాని చోటు ఎత్వం తీసుకుంది. టకు తలకట్టే లేదు, సున్నకు తలే లేదు. అంటే పై అంచు ఎక్కడికక్కడ తెగిపోతోంది. ముందు ర తలకట్టు గీయండి. ఎత్వం కూడా అదే వాలుతో మొదలవ్వాలి. ట పై కొసను అదే కోణంలో కోయండి. కొసలు గుండ్రంగా ఉంటే అన్నీ గుండ్రంగా, ఏటవాలు కోతైతే అన్నీ ఏటవాలుగా. ఒక్క కొస తేడా వచ్చినా కన్ను అక్కడే ఆగుతుంది.

ట కింద ఉన్న అల తీసేయండి. మిగతా అక్షరాల అడుగులన్నీ వంపులే, వాటి మధ్య ఆ గీత అతికించినట్టుంటుంది. పైగా విశాఖలో అల గీత లేని బోర్డు వెతుక్కోవాలి! అల కావాల్సిందే అంటే ఎత్వంలోనూ తలకట్టులోనూ రానివ్వండి, రెండుచోట్లా ఒకే ఒంపు.

అక్షరాల మధ్య ఎడం ఆఖరున చూసుకోండి. ప్రింటును తలకిందులు చేస్తే పేరు చదవబుద్ధి కాదు, ఖాళీలే కనిపిస్తాయి. ర తలకట్టు తోక టను తాకుతుంటే టను జరపకండి, తోక కొంచెం కత్తిరించండి. జరిపితే కింద గొయ్యి పడుతుంది. తర్వాత పేరు మొత్తాన్ని 15 మి.మీ. వెడల్పుకు కుదించి ప్రింటు తీయండి. కె లోపలి తెలుపు మూసుకుపోతే గీత 16 నుంచి 14కి దించాలి.

ప్రశ్న: ‘చెమ్మచెక్క’ పేరుతో పిల్లల బట్టల షాపు. బోర్డు ఎత్తు 2 అడుగులు. పైన ఎత్వాలు, కింద ఒత్తులు పోను అక్షరాలు చిన్నవైపోతున్నాయి.
– గాజువాక పాఠకుడు

జవాబు: లెక్కేస్తే తెలుస్తుంది. అక్షరం 100 పాళ్లు, ఎత్వం 35, ఒత్తు 60 అయితే మొత్తం 195. పైనా కిందా 3 అంగుళాలు వదిలితే మిగిలేది 18, అంటే అక్షరానికి 9 అంగుళాల పైచిలుకు. ఒత్తును 45కి తెస్తే 10 అంగుళాలు దక్కుతుంది. అయితే ఒత్తును కుదించొద్దు, తిరిగి గీయండి. గీత మందం ప్రధాన అక్షరంలో 85 శాతానికి తగ్గకూడదు. క ఒత్తు తలకట్టు లేని చిన్న కలా ఉంటుంది, మ ఒత్తుకు మతో పోలికే లేదు. అందుకే రెండిటి అడుగూ ఒకే గీత మీద ఆగేలా చూడాలి. మ ఒత్తును పక్కనున్న చె కిందికి జరపకండి, చదువు తప్పుతుంది. రెండు చెలూ అచ్చు ఒకేలా ఉండాలి. బోర్డు మధ్యకు తెచ్చేటప్పుడు ఒత్తుల్ని కలిపి కొలిస్తే పేరు పైకి ఎక్కినట్టు కనిపిస్తుంది, అక్షరాల నడుమును ఆధారంగా తీసుకుని కొద్దిగా కిందికి దించండి.

ప్రశ్న: లోగోలో గీత సన్నంగా ఉంది, ఎల్ఈడీ పట్టదని బోర్డు చేసేవాళ్లు అంటున్నారు. చుట్టూ అవుట్‌లైన్ వేసి లావు చేయొచ్చా?
– ద్వారకానగర్ పాఠకుడు

జవాబు: వద్దు. అవుట్‌లైన్ లోపలికీ పెరుగుతుంది, ముందు పోయేది గుడులు, ఒత్తుల్లోని తెలుపే. మామూలు ఎల్ఈడీ మాడ్యూల్ (చిన్న లైట్ల బిళ్ల) పెట్టి అంచులు మడవడానికి గీత 25 మి.మీ. అయినా ఉండాలి. 16 పాళ్ల గీతకు అంటే అక్షరం ఎత్తు దాదాపు 160 మి.మీ. అక్షరాలు అంతకన్నా చిన్నవైతే లోపల లైట్లు మానేసి, వెనక గోడ మీద వెలుగు పడేలా చేయించండి. ఉప్పుగాలికి మామూలు ఇనప స్క్రూలు తుప్పుపట్టి అక్షరాల కింద చారలు దిగుతాయి. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్క్రూలు అడగండి. ఫైలు ఇచ్చేముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటు అవసరం లేని గీతల బొమ్మగా మార్చండి, లేదంటే వాళ్ల కంప్యూటర్‌లో ఒత్తులు విడిపోయి పక్కకు వచ్చి కూర్చుంటాయి.