తావీజు కట్టిన చెరువు

ప్రశ్న: మాస్టారికి అస్సలాము అలైకుమ్. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మావారు రెండెకరాల వనామీ రొయ్యల చెరువు లీజుకి చేస్తున్నారు. పోయిన పంట పోయింది. ఈసారి సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన వారానికే మా పెద్దత్తగారు ఎక్కణ్ణుంచో తావీజులు (తాయెత్తులు) తెచ్చి ఏరేటర్ కర్రలకి కట్టించారు. పక్క చెరువు వాళ్ళమ్మాయి అది చూసి, "మేం నిమ్మకాయలూ మిరపకాయలూ కడితే మూఢనమ్మకం అంటావు కదా వదినా, మరి ఇదేంటి?" అని నవ్వింది. నాకు నోట మాట రాలేదు. ఎవరి మతం వాళ్ళకి నిజమే అనిపిస్తుంది. ఏది అసలైన ధర్మమో, ఏది ఉత్త నమ్మకమో తేల్చుకునే దారి ఉందా?
– ఒక సోదరి

జవాబు: వ అలైకుముస్సలామ్ తల్లీ. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకోకు. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పాను. ఇంత సూటిగా అడిగిన పిల్లలు నా క్లాసులో ఏ పదిమందో ఉంటారు. జవాబుకి ముందు ఒకటి ఒప్పుకోవాలి. తావీజు కట్టిన చెరువు నాకూ ఒకటుండేది.

1995లో మాట. టైగర్ రొయ్య డబ్బు కురిపిస్తోందని వరి చేలన్నీ చెరువులైపోతున్న రోజులు. నేనూ మా బావమరిదీ కలిసి రెండెకరాలు తీసుకున్నాం. నా వాటాకి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాను. అప్పటికే చుట్టుపక్కల రోగం ఉందని వింటున్నాం, రాత్రుళ్ళు నిద్ర లేదు. బావమరిది తావీజులు రాసిచ్చే ఒక ఆమిల్‌ని తీసుకొచ్చాడు. ఆయన నాలుగు మూలలకి నాలుగు, తూముకి ఒకటి, మొత్తం ఐదు తావీజులిచ్చి, "ముప్పై కౌంటు సరుకు తీస్తారు, రాసిపెట్టుకోండి" అన్నాడు. అంటే కిలోకి ముప్పై తూగే పెద్ద రొయ్యలన్నమాట. ఒక్కోదానికి వెయ్యి. పగలు పిల్లలకి ఆర్కిమెడిస్ సూత్రం చెప్పి, సాయంత్రం వెళ్ళి తూము కర్రకి నల్లదారం బిగించింది ఈ చేతులే.

యాభై మూడో రోజు పొద్దున్నే వెళ్ళేసరికి గట్టు పొడుగునా కొంగలు, కాకులు. అంచుకి చేరిన రొయ్యని పట్టుకుని తలచిప్ప తీసి చూస్తే తెల్లమచ్చల రోగం. వారం తిరక్కుండా చెరువు ఖాళీ అయింది. ఆమిల్ దగ్గరికి వెళ్తే, "మీ నమ్మకంలో లోపం ఉంది, లేకపోతే మైలతో ముట్టుకుని ఉంటారు" అన్నాడు. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఎగువ చెరువాయన రోగం వచ్చిన నీళ్ళు డ్రెయిన్‌లోకి వదిలేశాడు. మేం ఆ డ్రెయిన్‌లోంచే ఇంజను పెట్టి తోడుకున్నాం. డీజిలు ఖర్చు మాదే! ఇంటికొచ్చాక ఒక తావీజు విప్పి చూశాను. గళ్ళు గీసి అంకెలు వేసి ఉన్నాయి, ఒక్క ఆయతు (ఖుర్‌ఆన్ వాక్యం) కూడా లేదు.

పంట దక్కుంటే తావీజు మహిమ. పోయింది కాబట్టి నా తప్పు. ఏం జరిగినా చెప్పినవాడికి నష్టం లేదు. అలాంటి చోట ధర్మం ఉండదని అప్పట్నుంచీ నా లెక్క.

"మరి దుఆ (ప్రార్థన) చేసినా ఒక్కోసారి జరగదు కదా మాస్టారూ, మీరూ అప్పుడు అల్లాహ్ పరీక్ష అంటారు కదా" అని నువ్వు అడగొచ్చు. అడగాలి కూడా. దానికి నా దగ్గరున్న జవాబు ఒక చావు కబురు.

ప్రవక్త ముహమ్మద్ (స) వారికి మదీనాలో మారియా (ర) కడుపున ఇబ్రాహీమ్ అనే కొడుకు పుట్టాడు. పాలు తాగే వయసులోనే జబ్బు చేసి పోయాడు. బిడ్డ కళ్ళ ముందే పోతుంటే ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి. కళ్ళు చెమరుస్తాయి, మనసు బాధపడుతుంది, అయినా మా ప్రభువుకి నచ్చిన మాటే అంటాం అన్నారు. సరిగ్గా ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ లెక్కలు వేసినవాళ్ళు అది క్రీ.శ. 632 జనవరి 27 అని చెబుతారు. ఊరంతా ఒకటే మాట: ఇబ్రాహీమ్ పోయినందుకే సూర్యుడికి గ్రహణం పట్టిందని.

ఇక్కడ కాస్త ఆగు తల్లీ. ఆయన అబద్ధం చెప్పక్కర్లేదు, ఊరుకుంటే చాలు. జనం వాళ్ళంతట వాళ్ళే నమ్ముతున్నారు. కానీ ఆయన గ్రహణ నమాజు చేయించి, ఆ దుఃఖంలోనే జనానికి చెప్పారు: సూర్యుడూ చంద్రుడూ అల్లాహ్ సూచనల్లో రెండు, ఎవరు చచ్చినా ఎవరు పుట్టినా వాటికి గ్రహణం పట్టదు అని. బుఖారీలోనూ ముస్లిమ్‌లోనూ ఉన్న హదీసు, అంటే నమోదైన ప్రవక్త మాట ఇది. నా వరకూ, ఆయన సత్యవంతుడని నమ్మడానికి ఇంతకంటే పెద్ద మహిమ అక్కర్లేదు. మా ఆమిల్ అయితే ఆ గ్రహణానికి కూడా రేటు కట్టేవాడు.

1980 ఫిబ్రవరి 16న గ్రహణం పట్టినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మన వైపు సూర్యుడు పూర్తిగా మూసుకుపోలేదు గానీ, మధ్యాహ్నం మూడున్నర దాటాక పొద్దుగూకినట్టే అయింది. వీధిలో మనిషి లేడు. మా ఇంట్లోనూ కడుపుతో ఉన్న మా అక్కని చీకటి గదిలో పడుకోబెట్టి, కదిలావో చూడు అన్నారు. మా అమ్మ ఐదు పూటలా నమాజు చదివే మనిషి. ఆ హదీసు ఆమెకి ఎవరూ చెప్పలేదు, అంతే. అందుకే అంటాను, మూఢనమ్మకం ఎప్పుడూ పక్కింట్లోనే ఉంటుందనుకోవద్దని.

ఇప్పుడు దుఆ సంగతి. ఖుర్‌ఆన్ ఎక్కడా నాకు కౌంటు మాట ఇవ్వలేదు. పైగా భయంతో, ఆకలితో, ధన ప్రాణ నష్టాలతో, పంటల నష్టంతో మిమ్మల్ని పరీక్షిస్తాం అని ముందే చెప్పింది (అల్ బఖరా 155). ముందే చెప్పిన మాటా, జరిగాక చెప్పే సాకూ ఒకటి కావు. అల్లాహ్ ఖజానాలు నా దగ్గరున్నాయని అనను, అగోచరం నాకు తెలుసనీ అనను అని చెప్పమని ప్రవక్తకే ఆజ్ఞ వచ్చింది (అల్ అన్‌ఆమ్ 50). ఆయనకే లేని అగోచర జ్ఞానం ఐదు వేలు తీసుకున్నవాడికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఎవరి మతం వాళ్ళకి నిజం అనిపిస్తుందన్నావు. నిజమే, అనిపిస్తుంది. ఖుర్‌ఆన్ ఆ అనిపించడాన్ని లెక్కలోకి తీసుకోదు. మేమే స్వర్గానికి పోతాం అన్నవాళ్ళతో, మీరు సత్యవంతులైతే నిదర్శనం తెండి అంది (2:111). మా తాతముత్తాతల దారిలోనే నడుస్తాం అన్నవాళ్ళని, మీ తాతలకి ఏమీ తెలియకపోయినా నడుస్తారా అని నిలదీసింది (2:170). ఈ రెండూ మనకీ తగులుతాయి. నేను షేకుల ఇంట్లో పుట్టాను అన్నది నిదర్శనం కాదు. నీకు తెలియని దాని వెంట పోకు, వినికిడీ చూపూ మనసూ అన్నిటికీ లెక్క చెప్పాలి అన్న ఆయతుని (17:36) మా సైన్సు రూము గోడ మీద రాయించాలని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. ప్రభుత్వ బడి కదా, ఊరుకున్నాను.

ఆ అమ్మాయి రేపు "మీరు మాత్రం మక్కాలో రాయిని ముద్దు పెట్టుకోరా" అనొచ్చు. ప్రవక్త సహచరుడు ఉమర్ (ర) ఆ రాయితోనే అన్నారు: నువ్వొక రాయివని నాకు తెలుసు, మేలూ చేయలేవు కీడూ చేయలేవు, ప్రవక్త ముద్దాడగా చూడకపోతే నేనూ ముద్దాడేవాణ్ణి కాదు అని. తావీజుతో ఆ మాట అనగలిగితే ఇక దాన్ని కట్టేదెందుకు?

తావీజు వేలాడదీసుకోవడం షిర్క్ (అల్లాహ్‌కి సాటి కల్పించడం) అని ముస్నద్ అహ్మద్‌లో హదీసు ఉంది. అచ్చంగా ఖుర్‌ఆన్ ఆయతులే రాసి కట్టుకునే విషయంలో మాత్రం ఉలమాల (మత పండితుల) మధ్య తేడా అభిప్రాయాలున్నాయి, దాచను. నేనైతే ఆ తర్వాత ఏదీ కట్టలేదు. ఖుర్‌ఆన్‌లోని ఫాతిహా, ఫలఖ్, నాస్ సూరాలు (అధ్యాయాలు) చదువుకోవడానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

మీ పెద్దత్తగారితో వాదన పెట్టుకోకు. ఆవిడ భయపడింది, మీ పంట కోసమే భయపడింది. "అత్తయ్యా, విప్పి లోపల ఏముందో చూద్దామా" అని అడుగు. ఒంటెని కట్టేసి అప్పుడు అల్లాహ్ మీద భారం వెయ్యమని తిర్మిజీలో హదీసు ఉంది కదా. మీ ఒంటె ఏమిటంటే, రోగం లేదని పీసీఆర్ టెస్టులో తేలిన సీడ్, కాలవ నీళ్ళు తిన్నగా చెరువులోకి పెట్టకుండా వేరే గుంటలో నిలబెట్టి బ్లీచింగ్ కొట్టడం, పీతలు రాకుండా చుట్టూ వల, కరెంటు పోతే ఏరేటర్లకి జనరేటరు. ఇవన్నీ చూసుకున్నాక రాత్రి చివరి జామున చేసే నమాజు తహజ్జుద్‌కి లేచి అడుగు.

పక్క చెరువు నిమ్మకాయల్ని చూసి మాత్రం నవ్వకు. ఇతరులు వేడుకునేవాటిని దూషించొద్దని ఖుర్‌ఆన్‌లోనే ఉంది (6:108). ఆమె నవ్వినందుకు నువ్వు ఆలోచించావు. నువ్వు నవ్వితే ఆమె మాట్లాడ్డం మానేస్తుంది. ఎలాగూ ఇద్దరిదీ ఒకే డ్రెయిను.

ప్రశ్న: మాది లంక గ్రామం. ఇస్లామీ క్యాలెండరులోని సఫర్ నెలలో మా అబ్బాయి పెళ్ళి అనుకుంటే, తేరా తేజీ (ఆ నెల మొదటి పదమూడు) రోజులు, అరిష్టం అని అమ్మాయి తరఫు పెద్దలు టెన్షన్ పడుతున్నారు. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి

జవాబు: సఫర్‌లో అపశకునం ఏమీ లేదని హదీసులోనే ఉంది, నిశ్చింతగా నిఖా చేసుకోండి. అయితే లంక అన్నారు కాబట్టి ఒక మాట. ఈ మధ్య సఫర్ నెల గోదారి వరదల రోజుల్లో పడుతోంది. ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికే మన కాజ్‌వేలు మునిగి ఉంటాయి, పెళ్ళివారు పడవలెక్కాలి. అమ్మాయి తరఫు వాళ్ళతో సఫర్ గురించి కాదు, గోదారి గురించి మాట్లాడండి. వలీమా (పెళ్ళి విందు) బిర్యానీ డేగిసాలు పడవలో దాటించడం నేను ఒకసారి చూశాను, మళ్ళీ చూడాలని లేదు.