ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు పిల్లలు వీణ, వయొలిన్ కన్నా కీబోర్డుకే ఎందుకు మొగ్గుతున్నారు?

ప్రధాన కారణం ఆరంభంలోని సౌలభ్యమే. కీబోర్డు మీట నొక్కితే స్వరం శ్రుతిలోనే పలుకుతుంది కనుక, కొద్ది వారాల్లోనే పిల్లలు బడి వార్షికోత్సవంలో ఒక పాట వాయించగలరు. వయొలిన్‌కు మెట్లు (వేలు ఎక్కడ నొక్కాలో చూపే అడ్డపట్టీలు) లేనందున వేలు నూలుపోగంత జరిగినా అపస్వరమే. ఆ గీరుడును నెలల తరబడి ఇంటిల్లిపాదీ భరించాలి. వీణకు 24 మెట్లున్నా, పనసకర్రతో చేసిన ఆ బరువైన వాద్యం పదేళ్ల పిల్ల ఒడిలో ఇమడదు, పుస్తకాల సంచితో పాటు ఆటోలోనూ పట్టదు. రాయగడకు చేరువలోని బొబ్బిలిలోనే వీణలు తయారవుతున్నాయన్నది వేరే సంగతి.



కీబోర్డుతో చిక్కల్లా గమకమే, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడమే: మెట్టుపై తీగను పక్కకు లాగి వీణ పలికించే తోడి రాగంలోని గాంధార (గ) స్వరపు ఊగిసలాట, మామూలు కీబోర్డు మీటలపై రాదు. కర్ణాటక సంగీతమే లక్ష్యమైతే, ముందు ఒక ఏడాది గాత్రం నేర్పించి, చెవి కుదిరాక వయొలిన్ పట్టించడం మేలని నా అభిప్రాయం. ఆపై చదువుకు, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల బరంపురం నుంచి రైలు దారిలోనే ఉంది.