టెక్ సందేహాలు: డీహ్యూమిడిఫైయర్ నీళ్లతో కారు కడగవచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫైయర్ రోజూ ట్యాంకు నింపేస్తోంది. తేటగా ఉన్న ఆ నీళ్లను సింకులో పారబోయడానికి మనసు ఒప్పడం లేదు. వాటితో కారు కడిగితే రంగు దెబ్బతింటుందా? వైపర్ల ట్యాంకులోనూ, బ్యాటరీలోనూ పోయవచ్చని బంధువు ఒకరు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: కారు మీద నిశ్చింతగా పోయండి. బ్యాటరీలో వద్దు. వైపర్ల ట్యాంకులో అసలే వద్దు. కారు కడగాలన్న మీ ఆలోచన బాగానే ఉంది, మీ బంధువు చెప్పిన ఉపాయమే చిక్కు తెచ్చిపెడుతుంది.

ఈ యంత్రం గదిలోని గాలిని ఫ్యానుతో లాగి, చల్లటి కాయిల్ మీదుగా పంపుతుంది. గాలిలోని ఆవిరి అక్కడ నీటిబొట్లుగా మారి ట్యాంకులోకి జారుతుంది. నీరు ఆవిరైనప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలు దానితో పాటు గాలిలోకి లేవవు. కాబట్టి మీ ట్యాంకులో చేరే నీళ్లలో అవి దాదాపు ఉండవు. కారు విషయంలో మనకు కావలసింది సరిగ్గా ఇదే. కడిగిన కారును అలాగే ఆరబెడితే, ముఖ్యంగా ముదురు రంగు బానెట్ మీద, గుండ్రటి తెల్ల మచ్చలు పడటం మీరు చూసే ఉంటారు. నీరు ఆవిరైపోయి, అందులోని లవణాలు మిగిలిపోవడం వల్ల వచ్చే మచ్చలవి. గుడ్డతో గట్టిగా రుద్దితే గీతలు పడతాయి, పట్టించుకోకుండా వదిలేస్తే రంగుపై ఉన్న పారదర్శక పూతను తినేస్తాయి. లవణాలు లేని నీళ్లు ఎండిపోయినా ఇలాంటి మచ్చలు పడవు.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొంత కలిసి ఈ నీళ్లు స్వల్పంగా ఆమ్లగుణం పొందుతాయి. అది వాన నీటికీ ఉండే గుణమే, దానివల్ల రంగుకు వచ్చే హాని ఏమీ లేదు.

అసలు ఇబ్బంది పరిమాణంతోనే. ఇళ్లలో వాడే యంత్రాల ట్యాంకులో సాధారణంగా రెండు నుంచి ఆరు లీటర్లు పడతాయి. గొట్టం తెరిచి కారు కడిగితే వంద లీటర్లు ఇట్టే దాటిపోతాయి. ఉన్న ఆ కాసిని నీళ్లను టైర్ల మట్టి వదిలించడానికి ఖర్చు చేయకండి, చివరి కడుగుకు దాచుకోండి. కారును నీడలో నిలిపి, ఎప్పటిలాగే మామూలు నీళ్లతో, షాంపూతో కడిగి నురగ పోగొట్టండి. ఒళ్లంతా తడిగా ఉన్నప్పుడే, ఎక్కడా ఆరకముందే, డీహ్యూమిడిఫైయర్ నీళ్లను పైకప్పు నుంచి కిందికి నెమ్మదిగా పోయండి. మొక్కలకు నీళ్లు పోసే జల్లెడ మూతి క్యాను దీనికి చక్కగా పనికొస్తుంది. అద్దాల మీదా, బానెట్ మీదా పలుచటి పొరలా జారితే అయిదు లీటర్లతోనే ఒక మోస్తరు కారుకు పని జరుగుతుంది. ఆపైన మైక్రోఫైబర్ గుడ్డతో అద్దితే చాలు, రుద్దే అవసరం రాదు.

ఇంకా మిగిలితే షాంపూ కలిపే బకెట్లో పోసుకోండి. లవణాలు లేని నీటిలో నురగ బాగా వస్తుంది కాబట్టి షాంపూ తగ్గించండి. అద్దాల లోపలి వైపు తుడవడానికి కూడా ఈ నీళ్లతో తడిపిన గుడ్డ నాకు ఇష్టం. చారలు మిగలవు.

ఇక వద్దన్నవాటి సంగతి. లవణాలు లేవంటే సూక్ష్మజీవులూ లేవని అర్థం కాదు. గాలిలోని దుమ్ము, బూజు బీజాలు, బ్యాక్టీరియా అన్నీ ఆ తడి కాయిల్‌కు అంటుకుని నీళ్లతో పాటే దిగుతాయి. కాయిల్ నుంచి రాగి, అల్యూమినియం కూడా లేశమాత్రంగా కరగవచ్చు. బ్యాటరీకి శత్రువులు ఇవే. లోహాల మలినాలు చేరితే వాడకపోయినా ఛార్జి కారిపోతుంది. ఇప్పుడు చాలా బ్యాటరీలకు నీళ్లు పోసే అవసరమే లేదు, ఉన్నవాటికి సీసాలో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌లో కలపడానికీ ఇదే మాట వర్తిస్తుంది.

వైపర్ల ట్యాంకు గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా నిల్వ నీటిలో, సుమారు 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పెరుగుతుంది. ఇంజిన్ పక్కనే ఉండే ట్యాంకు ఆ వెచ్చదనాన్ని అమర్చిపెడుతుంది. మీట నొక్కగానే నీళ్లు సన్నటి తుంపరలై, గాలి వచ్చే రంధ్రాల గుండా లోపలికి చేరవచ్చు. తుంపరలను పీల్చినప్పుడే ఈ బ్యాక్టీరియా ఊపిరితిత్తులకు చేరి న్యుమోనియా తెస్తుంది. వాషర్ ద్రవం కలపకుండా వట్టి నీళ్లు పోసేవారికి ఈ జబ్బు ముప్పు ఎక్కువని 2010లో బ్రిటన్ ఆరోగ్య పరిరక్షణ సంస్థ పరిశోధకులు ప్రకటించారు. వాళ్లు మాట్లాడింది మామూలు నీళ్ల గురించి! కాబట్టి ఆ ట్యాంకులో వాషర్ ద్రవమే పోయండి. ప్రెషర్ వాషర్‌కు ఈ నీళ్లను పట్టవద్దని చెప్పేదీ, క్యానుతో పోయమన్నదీ ఇదే కారణంతో.

నిల్వ విషయంలో నా లెక్క ఒకటి రెండు రోజులే. మూత ఉన్న ప్లాస్టిక్ క్యానులో, ఎండ తగలనిచోట ఉంచండి. మూత లేకపోతే దోమలు మీకంటే ముందు వాడుకుంటాయి. యంత్రం ట్యాంకు మూలల్లో వేలికి జారుడుగా తగిలే గులాబీ రంగు పొర కనిపిస్తే అది బ్యాక్టీరియా కాపురం. వారానికోసారి సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. వెనిగర్, బ్లీచింగ్ రెండూ కలిపి మాత్రం వాడకండి, విషవాయువు వెలువడుతుంది. కొత్త యంత్రమైతే మొదటి కొన్ని ట్యాంకుల నీళ్లు పారబోయడమే మేలు, తయారీలో అంటిన నూనె, ధూళి అందులో ఉండవచ్చు.

ప్రశ్న: ఇవే నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు పెడితే 8 చూపించింది. మా కుళాయి నీళ్లకు 400 పైమాటే. మరి తాగడానికి ఇవే మంచివి కదా?

జవాబు: కావు. మీటరు కొలిచేది నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తోందన్నది మాత్రమే. దాన్ని ఒక గుణకంతో హెచ్చించి లవణాల అంకెగా చూపిస్తుంది. బ్యాక్టీరియా, బూజు, నూనె దాని కంటికి ఆనవు. కారు మీద మచ్చలు పడతాయా అని తెలుసుకోవడానికి ఆ 8 చక్కటి అంకె. తాగే నీటికి అది ఏ భరోసా ఇవ్వదు. కాచి తాగుతానంటారేమో. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ లోహాలు అక్కడే ఉంటాయి.

ప్రశ్న: ట్యాంకు మోయలేక వెనుక ఉన్న రంధ్రానికి గొట్టం తగిలించి పెద్ద డబ్బాలోకి వదిలాను. తెల్లారేసరికి గదంతా నీళ్లు. యంత్రం తనంతట తాను ఆగాలి కదా?

జవాబు: ట్యాంకు నిండితే ఆపే తేలుడు మీట యంత్రం లోపలి ట్యాంకులో ఉంటుంది. గొట్టం తగిలించాక నీళ్లు ఆ ట్యాంకులోకి చేరవు, కాబట్టి బయటి డబ్బా పొంగుతున్న సంగతి యంత్రానికి తెలిసే దారి లేదు. డబ్బా నింపుకోవాలంటే టైమరు పెట్టి, డబ్బాలో పట్టేంతసేపే నడపండి. గొట్టం పొడవునా పల్లంగా ఉండాలి, చివర నీటిలో మునగకూడదు. మునిగితే గాలి అడ్డుపడి నీళ్లు వెనక్కి నిలుస్తాయి.

ప్రశ్న: పెట్టె మీద రోజుకు 20 లీటర్లని రాశారు. నాకు అయిదారు కూడా రావడం లేదు. యంత్రం పాడైందా? కారు కోసమైనా ఇంకాసేపు నడపాలా?

జవాబు: పాడైందని ఇప్పుడే అనుకోకండి. ఇలాంటి అంకెను చాలా కంపెనీలు 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గదిలో కొలుస్తాయి. మీ గది అంతకంటే చల్లగా, పొడిగా ఉంటే రాబడి పడిపోవడం మామూలే. 15 డిగ్రీల కంటే తగ్గితే కంప్రెసర్ యంత్రం కాయిల్‌కు మంచు పట్టి, దాన్ని కరిగించుకోవడంలోనే సమయం గడిచిపోతుంది. ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా ఇంతే. ముందు అది కడిగి చూడండి.

నీళ్ల కోసం మాత్రం యంత్రం నడపకండి. అనుకూలమైన వాతావరణంలోనే ఒక యూనిట్ విద్యుత్తుకు వచ్చేది సుమారు రెండు లీటర్లు. పైగా ఆవిరి నీరుగా మారేటప్పుడు లీటరుకు దాదాపు 0.68 యూనిట్ల వేడి వదులుతుంది, అదీ, యంత్రం తిన్న కరెంటూ కలిసి గదినే వేడెక్కిస్తాయి. తేమను 50 శాతం దగ్గర ఉంచి వదిలేయండి. ఆ లెక్కన ట్యాంకు నిండకపోతే, ఆ వారం కారును కుళాయి నీళ్లతో కడిగి వెంటనే పొడి గుడ్డతో తుడిచేయండి.